పిల్లల్ని తిప్పడం కాదు.. ఆడించాలి!

వేసవి సెలవులు వచ్చాయంటే రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగువారి ఇళ్లలో ఒకటే చర్చ. ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? సునాబెడ హాల్ అయినా, దమన్‌జోడి నాల్కో అయినా, జేకేపూర్ కాగితం మిల్లు అయినా ఉద్యోగికి దొరికేది రెండు మూడు రోజుల సెలవే. దుకాణం నడిపేవారికి అదీ గగనమే. అందుకే ఉన్న రెండు రోజుల్లో అన్నీ చుట్టేయాలన్న ఆత్రం. ఆ హడావుడిలో అసలు విషయం మరుగున పడుతోంది. ప్రయాణం పిల్లల కోసం. లెక్కలన్నీ మాత్రం పెద్దలవి.

పెద్ద పార్కుల సంగతే చూడండి. హైదరాబాద్‌లో 2016లో వండర్‌లా వచ్చింది. 2024లో భువనేశ్వర్ దగ్గరా తెరుచుకుంది. దాంతో సరిహద్దు కుటుంబాల చూపు అటు మళ్లింది. తప్పులేదు. పదేళ్లు దాటిన పిల్లలకు అది పండగే. కానీ మూడు నాలుగేళ్ల పాపకో? ఇలాంటి పార్కుల్లో పెద్ద ఆటలన్నిటికీ ఎత్తు కొలిచే పద్ధతి ఉంటుంది. గేటు దగ్గర 'మావాడు గట్టివాడండీ' అంటే కుదరదు. కుదరకూడదు కూడా. ఒంటికి బిగించే పట్టీలు, కడ్డీలు ఓ కొలతకు తగ్గట్టు చేసినవి. అంతకన్నా చిన్న ఒళ్లయితే జారిపోయే ప్రమాదం ఉంది. ఫలితం? పెద్దాడితో నాన్న లోపల, ఏడ్చే చంటిదానితో అమ్మ బయట బెంచీ మీద. రాత్రంతా హిరాఖండ్‌లో కూర్చుని వెళ్లింది ఇందుకా?

అందుకే ముందు చూడాల్సింది పార్కు పేరు కాదు, పిల్లల వయసు. ఆరేళ్ల లోపు వారికి విశాఖే మేలు. రాయగడ నుంచి రైల్లో సుమారు 200 కిలోమీటర్లు. నాలుగు గంటలు అటూ ఇటూ. కొరాపుట్ నుంచి అరకు మీదుగా పగటి బండి ఎక్కితే ఆట అక్కడే మొదలవుతుంది. కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. చీకటి పడినప్పుడల్లా పిల్లల కేరింతలే. టైమ్ కలిసొస్తుందని రాత్రి బండి ఎక్కితే ఆ సరదా పోతుంది, పొద్దున్నే చిరాకు మిగులుతుంది.

వెళ్లాక కూడా రోజుకు ఒక్కచోటు చాలు. ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. బీచ్‌లోని కురుసుర జలాంతర్గామికీ సోమవారమే సెలవు. ఆదివారం రద్దీకి భయపడి సోమవారం వెళ్లేవారు గేటు చూసి తిరిగి రావాల్సిందే. కైలాసగిరి మీది చిన్న రైలు నడుస్తోందో లేదో ముందే కనుక్కోవాలి. రైలు చూపిస్తామని చెప్పి చూపించకపోతే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరం? పొద్దున్న ఆట, మధ్యాహ్నం ఏ అమ్మమ్మగారింట్లోనో నిద్ర, సాయంత్రం ఇసుక. అంతకు మించి చిన్నపిల్లలకు అక్కర్లేదు.

ఖర్చు లెక్క కూడా ముందే వేసుకోవాలి. రైల్లో అయిదేళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టిక్కెట్టు అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి సొంత బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి ఛార్జీ కట్టాలి. ఇంకో జాగ్రత్త సరిహద్దు వారికి ప్రత్యేకం. ఇక్కడి పిల్లల మాటల్లో తెలుగు, ఒడియా కలిసిపోయి ఉంటాయి. జనంలో తప్పిపోతే ఎవరికేం చెబుతారో తెలియదు. జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టాలి. రెండు లిపుల్లోనూ రాస్తే ఇంకా మంచిది.

ఇదంతా వెళ్లగలిగినవారి మాట. కూలికెళితేనే పూట గడిచే ఇళ్లలో పిల్లల మాటేమిటి? బండి ఛార్జీలే భరించలేని తండ్రి పార్కు టిక్కెట్టు ఎక్కణ్నుంచి తెస్తాడు? రాయగడలో హాతీపథర్, చెకాగుడ వేలాడే వంతెన, కొరాపుట్‌లో కొలాబ్ జలాశయం ఉన్నాయనొచ్చు. చూడ్డానికి బాగుంటాయి. కానీ అక్కడ ఉన్నవి నీళ్లు, బండలు. మూడేళ్ల పిల్లని వదిలేసి నిశ్చింతగా కూర్చునే చోట్లు కావు.

పిల్లలకు ఆడుకునే హక్కుందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. భారత్ 1992లోనే దానికి ఒప్పుకొంది. అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, ఆటస్థలాలను పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితాలో చేర్చింది. అంటే ఇది దయాధర్మం కాదు, చేయాల్సిన పనే. కోట్లు పోయక్కర్లేదు. నాలుగు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, కాస్త ఇసుక, నీడకు రెండు చెట్లు, తాగడానికి నీళ్లు, చుట్టూ గోడ. సాయంత్రం తాళం తీసే మనిషి ఒకరు. వార్డుకు ఇలాంటిదొకటి ఉంటే చాలు.

రోడ్డు కోసం, కుళాయి కోసం కౌన్సిలర్‌ను నిలదీసేవారు ఉయ్యాల కోసం ఎప్పుడైనా అడిగారా? ఓటు లేనివాళ్ల తరఫున ఓటున్నవాళ్లే అడగాలి. విశాఖ ప్రయాణం ఏడాదికోసారి. పిల్లలకు ఆట కావాల్సింది ప్రతి సాయంత్రం.