అండాశయం గడ్డేనా? ఆపరేషన్‌కు ముందు ఒక మాట

తుగ్గలి నుంచి ఒక చెల్లెమ్మ రాసింది: “మా అమ్మకు 52 ఏండ్లు. పొత్తికడుపులో గడ్డ చేతికి తగులుతోంది. మామూలు స్కానింగ్ తీసి అండాశయం గడ్డ కావచ్చన్నారు, గర్భసంచితో సహా తీసేద్దామంటున్నారు. రక్తం 7 గ్రాములే ఉంది. దొడ్డికి నల్లగా పోతోందంటుంది. ఏం చేయమంటారు?”

చెల్లెమ్మా, మీరు చివర్లో రాసిన మాటే నాకు ముఖ్యమనిపించింది. ఐరన్ మాత్రలు మింగినా విరేచనం నల్లబడుతుంది. అవేమీ వాడకుండానే తారులా, జిగటగా పోతుంటే మాత్రం లోపలెక్కడో రక్తం కారుతోందేమో చూడాలి. డాక్టరుగారికి ఈ సంగతి చెప్పారా? మన ఆడవాళ్ళు చెప్పడానికి సిగ్గుపడతారు, అదే చిక్కు.

మీ తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరికి వజ్రాలు వెతికేవాళ్ళకు తెలుసు, మెరిసిన రాయల్లా వజ్రం కాదు. పొత్తికడుపు గడ్డలూ అంతే. జీర్ణకోశం గోడలో పుట్టే ‘జిస్ట్’ అనే అరుదైన గడ్డ ఒకటుంది. ఎక్కువగా జీర్ణాశయంలో, తర్వాత చిన్నపేగులో వస్తుంది. చిన్నపేగు నుంచి బయటికి పెరిగి, తీగకు వేలాడే సొరకాయలా కిందికి జారితే స్కానింగ్‌లో అండాశయం గడ్డలాగే కనిపించవచ్చు. మామూలు ఎండోస్కోపీ గొట్టం అంత దూరం పోదు.

కాబట్టి ఆపరేషన్‌కు ముందు, రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ అవసరమా అని అడగండి. రెండు అండాశయాలూ గడ్డకు వేరుగా ఉన్నాయా, గడ్డకు రక్తం పేగు నాళాల నుంచి వస్తోందా, నడుమ కుళ్ళిన భాగముందా అన్నవి అందులో తెలుస్తాయి. అమ్మకు షుగరు, కిడ్నీ జబ్బు, మందులు పడకపోవడం ఉంటే ముందే చెప్పాలి. కర్నూలు సర్వజన ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పాత ఫిల్ములు, రేషన్ కార్డు, ఆధార్ మరవకండి.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, జిస్ట్ అయితే దాన్ని చిట్లకుండా తీయాలి. చిట్లితే కడుపంతా పాకే ప్రమాదముంది. ఖాయంగా తేల్చేది ముక్క పరీక్షే, అందులో సీడీ 117 అనే గుర్తు చూస్తారు. కానీ సూది ఎప్పుడు గుచ్చాలో, అసలు గుచ్చాలో లేదో సర్జనుకే వదిలేయండి.

జిస్ట్ అని తేలినా బెంబేలు పడొద్దు. 2002 నుంచి ఇమాటినిబ్ అనే మాత్ర ఈ జబ్బుకు వాడుకలో ఉంది. ఆ మందు వేసుకునేవాళ్ళలో మొదటి స్కాన్‌కు గడ్డ సైజు తగ్గకపోవచ్చు, ఒక్కోసారి కాస్త పెరిగినట్టే ఉంటుంది. లోపల మెత్తబడి నల్లగా కనిపిస్తే మందు పనిచేస్తున్నట్టే. ఆ ఫిల్ము చూసి బెదిరిపోయి మాత్రలు మానేయవద్దు, డాక్టరుగారు చెప్పేదాకా ఆగండి.