చిన్న వేషాల నటుడు – పెద్ద బాధ్యత

నాటకంలో కిరీటం రాజుపాత్రకే ఉంటుంది. కాని కథ నడవాలంటే మంత్రి కావాలి, ద్వారపాలకుడు కావాలి, అప్పు ఇచ్చి వేధించే షావుకారు కావాలి. ఇట్టి పాత్రలను జీవితమంతా ధరించేవారిని హాలీవుడ్‌లో క్యారెక్టర్ యాక్టర్లంటారు. ప్రేక్షకుడు వారి ముఖాన్ని చూడగానే గుర్తుపడతాడు. పేరు మాత్రం నోటికి రాదు. 2023లో అమెరికా నటులు సమ్మె చేసినప్పుడు ప్రపంచ పత్రికలు అగ్రతారల ఛాయాచిత్రాలను ప్రకటించినవి. నిజానికి ఆ సమ్మెలో తేలవలసినది అగ్రతారల సంపద కాదు, ఈ పేరు తెలియని ముఖాలవారి జీవనం. ఎడ్వర్డ్ ఆస్నర్ జీవితాన్ని పరిశీలిస్తే ఈ సంగతి చక్కగా బోధపడుతుంది.

ఆస్నర్ 1929 నవంబరు 15న కాన్సాస్ నగరంలో, తూర్పు ఐరోపా నుండి వలసవచ్చిన యూదు కుటుంబంలో పుట్టినాడు. తండ్రిది పాత సామాను వ్యాపారం. షికాగో విశ్వవిద్యాలయంలో చేరిన ఆ యువకుణ్ణి చదువు కంటె రంగస్థలం ఎక్కువగా ఆకర్షించినది. చదువు మధ్యలో ఆగినది. మోటారు కార్ల కర్మాగారంలో కొంతకాలం కూలిపని చేసినాడు. 1951 నుండి 1953 వరకు సైన్యంలో పనిచేసి, తిరిగివచ్చి షికాగోలో ఒక నాటక బృందంలో చేరినాడు. పిమ్మట న్యూయార్కు, 1961లో హాలీవుడ్. బట్టతల, బలిష్ఠమైన పొట్టి శరీరం, గరగరలాడే కంఠం – ఈ లక్షణాలు కథానాయకునికి తగినవి కావు. కనుక పోలీసు అధికారులు, దుండగులు, కఠినులైన యజమానులు ఆయన పాలబడినారు. జాన్ వేన్ కథానాయకుడైన ‘ఎల్ డొరాడో’ చిత్రంలో ఇతరుల నీటి హక్కును కాజేయజూచే భూస్వామి ఆయనే.

నలుబదవ ఏట అదృష్టం వరించినది. 1970లో ప్రారంభమైన ‘మేరీ టైలర్ మూర్ షో’ అనే టెలివిజన్ హాస్య ధారావాహికలో ఆయన లూ గ్రాంట్ అనే వార్తావిభాగాధిపతి అయినాడు. పైకి గర్జించేవాడు, లోపల మెత్తనివాడు. ఆ ధారావాహిక 1977లో ముగియగానే అదే పాత్రను హాస్యం నుండి తప్పించి, ఒక దినపత్రిక నగర సంపాదకునిగా మార్చి, ‘లూ గ్రాంట్’ పేరుతో గంభీరమైన ధారావాహికను నిర్మించినారు. ఒకే పాత్రకు హాస్యంలోను గంభీర నాటకంలోను ఎమ్మీ బహుమతులందుకోవడం అసామాన్యమైన విషయం. 1977లో ప్రసారమైన ‘రూట్స్’లో బానిసలను మోసుకొనివచ్చే ఓడకు కప్తానుగా నటించినాడు. తాను చేస్తున్నది పాపమని తెలిసి కూడా చేసే ఆ దైవభక్తుని పాత్ర ఆయనకు మరొక ఎమ్మీని తెచ్చినది. మొత్తం మీద ఏడు ఎమ్మీలు. పురుష నటులలో ఇన్ని పొందినవారు ఆయనకు ముందు లేరు.

ఇంతవరకు ఇది ఒక నటుని విజయగాథ. అసలు విషయం ఇక్కడినుండి ఆరంభమవుతుంది.

నటుని వృత్తికి ఒక విచిత్ర లక్షణమున్నది. వడ్రంగి ఒక బల్ల చేస్తే దానిని ఒకసారే అమ్ముతాడు. నటుడు ఒక దినం చేసిన పనిని మాత్రం నిర్మాత వెయ్యిసార్లు అమ్మగలడు. పైగా పాత చిత్రం మళ్ళీ ప్రదర్శితమైనకొద్దీ కొత్త చిత్రానికి చోటు తగ్గుతుంది. అనగా నటుడు తన నిన్నటి ముఖంతోనే నేడు పోటీపడవలసి వస్తుంది. అందువల్ల పునఃప్రదర్శన జరిగినప్పుడెల్లా నటునికి కొంత రుసుము ముట్టవలెనన్న న్యాయం పుట్టినది. దీనినే అక్కడ రెసిడ్యువల్స్ అంటారు. సినిమాలు టెలివిజన్‌కు ఎక్కుతున్న రోజులలో, 1960లో, నటుల సంఘమైన స్క్రీన్ యాక్టర్స్ గిల్డు సమ్మె చేసి ఈ హక్కును సాధించినది. నటుల పింఛను, ఆరోగ్య నిధికి పునాది పడినది ఆ ఒప్పందంతోనే. అప్పటి సంఘాధ్యక్షుడు రొనాల్డ్ రీగన్.

ఇరువది ఏళ్ళకు యంత్రం మారినది. వీడియో కేసెట్లు, చందా కట్టి చూసే టెలివిజన్ వచ్చినవి. పాత ఒప్పందంలో వాటి మాట లేదు. 1980 జులైలో నటులు మళ్ళీ పని మానినారు. సమ్మె సుమారు మూడు నెలలు సాగినది. ఆ పోరాటంలో ముందు నిలిచినవారిలో ఆస్నర్ ఒకడు. 1981లో సభ్యులాయనను గిల్డు అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు.

అప్పటికి రీగన్ అమెరికా అధ్యక్షుడు. ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం జరుగుతున్నది. అక్కడి సైనిక పాలకులకు రీగన్ ప్రభుత్వం సాయుధ సహాయం చేస్తున్నది. 1982 ఫిబ్రవరిలో ఆస్నర్ మరికొందరితో కలిసి వాషింగ్టన్‌లో ఆ విధానాన్ని ఖండించి, తిరుగుబాటుదారుల వశంలోని ప్రాంతాలకు వైద్య సహాయార్థం నిధులు సేకరిస్తున్నట్లు ప్రకటించినాడు. అక్కడి ప్రజలు స్వేచ్ఛగా కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఎన్నుకొంటే ఏమంటారని ఒక విలేఖరి అడుగగా, అది వారి ఇష్టమన్న భావంతో సమాధానం చెప్పినాడు. దానితో పెద్ద దుమారం లేచినది. చంపుతామన్న బెదిరింపులు వచ్చినవి. కొందరు ప్రకటనదారులు ధారావాహికనుండి తప్పుకొన్నారు. ఆ ఏడే సి.బి.ఎస్. సంస్థ ‘లూ గ్రాంట్’ను నిలిపివేసినది. ప్రేక్షకుల సంఖ్య తగ్గడమే కారణమని సంస్థ చెప్పినది. రాజకీయమే కారణమని ఆస్నర్ నమ్మినాడు. సంఖ్య తగ్గిన మాటా నిజమే, ఒత్తిడి వచ్చిన మాటా నిజమే. రెంటిలో ఏది త్రాసును వంచినదో బయటివారు తేల్చలేరు.

సంఘంలో కూడ ఆయనను అందరూ సమర్థించలేదు. పూర్వాధ్యక్షుడైన చార్ల్టన్ హెస్టన్ బహిరంగంగా విమర్శించినాడు. అధ్యక్షపదవిలోనున్నవాడు తన సొంత అభిప్రాయం చెప్పినా లోకం దానిని సంఘం అభిప్రాయంగానే వింటుంది గదా అన్నది విమర్శకుల వాదం. ఈ వాదాన్ని తేలికగా త్రోసివేయరాదు. అయితే జీవనోపాధి యజమాని చేతిలో ఉన్నదన్న భయంతో పౌరుడు నోరు మూసుకోవలసివస్తే ఆ పౌరసత్వానికి అర్థమేమిటన్నది రెండవ పక్షం. జనసమ్మర్ద దృశ్యాలలో నిలబడే ఎక్స్‌ట్రాల సంఘాన్ని గిల్డులో కలుపుకోవాలన్నది ఆస్నర్ ఆశయాలలో ఒకటి. హెస్టన్ దానినీ ఎదిరించినాడు; అది ఓటులో నెగ్గలేదు. అయినను 1983లో సభ్యులు ఆస్నర్‌నే తిరిగి ఎన్నుకొన్నారు. 1985 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నాడు.

ఆ తరువాత ఆయన తిరిగి చిన్న వేషాల నటుడే అయినాడు. 2009లో ‘అప్’ అనే చిత్రకథా చలనచిత్రంలో, భార్యను పోగొట్టుకొని, ఇంటికి బుడగలు కట్టి ఆకాశయానం చేసే వృద్ధునికి కంఠమిచ్చినాడు. ఆయన పేరు వినని పిల్లలకు కూడ ఆ కంఠం పరిచితమైనది.

ఆయన కడపటి పోరాటం కోర్టులో జరిగినది. నటుల ఆరోగ్య నిధి 2021 నుండి అర్హత నిబంధనలను కఠినం చేసినది. 65 ఏళ్ళు దాటి పింఛను పుచ్చుకొనేవారి విషయంలో పునఃప్రదర్శన రుసుమును అర్హతకు లెక్కింపరాదన్నది అందులో ఒకటి. నిధి తరిగిపోతున్నదని నిర్వాహకులు కారణం చెప్పినారు. ముసలి నటునికి కొత్త వేషాలు రావు. పాత వేషాల రుసుమే ఆధారం. తాను ఒకప్పుడు నడిపిన సంఘానికి సంబంధించిన నిధిపైననే, తొంబదియొకటవ ఏట, 2020 డిసెంబరులో, ఆస్నర్ మరికొందరితో కలిసి దావా వేసినాడు. 2021 ఆగస్టు 29న కన్నుమూసినాడు. ఆయన పోయిన రెండేళ్ళకు, 2023లో, ఆ దావా రాజీతో పరిష్కారమైనది.

అదే 2023లో, జులై 14 నుండి 118 దినాలు, సుమారు 1,60,000 మంది సభ్యులున్న నటుల సంఘం సమ్మె చేసినది. యంత్రం మూడవసారి మారినది. ఇంటింటికి అంతర్జాలం ద్వారా చిత్రాలను పంపే సంస్థల నుండి వచ్చే పునఃప్రదర్శన రుసుము నామమాత్రమైనది. ఆరోగ్య బీమా దక్కాలంటే అప్పట్లో ఏటా సుమారు 26,000 డాలర్ల ఆర్జన ఉండవలసి ఉండేది. సభ్యులలో అత్యధికులకు అంత లేదు. దీనికి తోడు కృత్రిమ మేధ వచ్చినది. ఎక్స్‌ట్రా రూపాన్ని ఒక దినం కూలికి యంత్రంలో నింపుకొని ఎల్లకాలం వాడుకోవడానికి నిర్మాతలు ప్రతిపాదించినారని సంఘం ఆరోపించినది, నిర్మాతలు కాదన్నారు. చివరకు నటుని అంగీకారం, ప్రతిఫలం లేకుండ ప్రతిరూపాన్ని వాడరాదని ఒప్పందం కుదిరినది. 2025లో పూర్తిగా యంత్రం కల్పించిన ఒక ‘నటి’ని టిల్లీ నార్‌వుడ్ అన్న పేరుతో లోకానికి చూపగా, నటుల సంఘం దానిని నటిగా అంగీకరించలేదు.

ఈ వివాదంలో అగ్రతారకు తన న్యాయవాది ఉన్నాడు. ఆమె ముఖాన్ని అనుమతి లేక వాడే సాహసం సులభంగా ఎవరూ చేయరు. యంత్రం ముందుగా తొలగింపజూచేది ద్వారపాలకుణ్ణి, గుమాస్తాను, గుంపులోని పదవ మనిషిని. కాని నటుడు తయారయ్యేది ఆ వేషాలలోనే. దుండగునిగా, పోలీసుగా పది సంవత్సరాలు తిరుగకపోతే ఆస్నర్ నలుబదవ ఏట లూ గ్రాంట్ కాగలిగేవాడా? క్రింది మెట్లు తీసివేసి పై మెట్టుమీదికి ఎవరినీ ఎక్కింపలేము. 1960, 1980, 2023 – యంత్రం మారిన ప్రతిసారీ హక్కును కొత్తగా సంపాదించుకోవలసి వచ్చినది. పూర్వులు గెలిచిన హక్కు తమకు శాశ్వతమని తలచినవారు దానిని పోగొట్టుకొనే ప్రమాదమున్నది. ఇది నటులకే పరిమితమైన పాఠం కాదు. ఏ వృత్తికి సిద్ధమవుతున్న విద్యార్థి అయినా దీనిని జ్ఞాపకముంచుకొనడం మంచిది.