కనిపించని సభలో అమానత్

మదర్సా వంటశాలకు బియ్యం సరఫరా చేసే వర్తకునితో ఆ మధ్య మేము ఫోనులో మాట్లాడుతుండగా పాలకవర్గ సభ్యులిద్దరు మా గదిలోనే ఉన్నారు. వారికీ వినబడాలని స్పీకరు నొక్కాము. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. బాకీ కొంత ముందుగా ఇప్పించమని అడుగుతూ ఆయన తన ఇంటి ఇబ్బందిని మాతో చెప్పుకొన్నారు. ఒక్కరికే చెబుతున్నాననుకొన్నారు, విన్నది ముగ్గురం. మరునాడు ఆయన ఎదురైనప్పుడు సభ్యులలో ఒకరు సానుభూతితోనే ఆ ప్రస్తావన తెచ్చారు. ఆయన ముఖం చిన్నబోయింది. బాకీ తీర్చాము, క్షమాపణ కోరాము. బయటపడిన మాటను మాత్రం వెనుకకు తేలేకపోయాము.

ఒక వ్యక్తి మాట చెప్పి అటూ ఇటూ చూస్తే ఆ మాట అమానత్ అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ హదీసు ఉంది. ఎవరికీ చెప్పవద్దని అతడు నోరు తెరచి అడగనక్కరలేదు. ఆ చూపే చాలు. ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పిన మేము ఒక సంగతి గ్రహించలేదు. ఫోనులో మాట్లాడేవారికి అటూ ఇటూ చూసే వీలే లేదు. వారి తరఫున చూడవలసింది మనమే.

నేడు మన బిడ్డలలో ఎందరికో ఉద్యోగంలో సగం కాన్ఫరెన్సు కాల్స్‌లోనే గడుస్తుంది. అదీ ఒక మజ్లిసే. పరుల ఇంట అడుగుపెట్టే ముందు అనుమతి కోరి సలాం చేయాలని అన్‌నూర్ సూరా 27వ ఆయతు నేర్పుతుంది. అలాగే కాల్‌లో చేరగానే తమ పేరు చెప్పాలి. పక్కన మరెవరైనా వింటుంటే ఆ సంగతీ చెప్పాలి. రికార్డు చేయదలిస్తే ముందే అందరి సమ్మతి తీసుకోవాలి. ముగ్గురున్న చోట ఒకరిని విడిచి ఇద్దరు గుసగుసలాడటాన్ని దైవప్రవక్త (స) వారించారు. అది మూడవవారి మనసు నొప్పిస్తుంది. ఒకరు మాట్లాడుతుండగా వారిని గురించి ఇద్దరు వాట్సాప్‌లో పరిహాసాలు రాసుకోవడం ఆ గుసగుస కాక మరేమిటి?

మన వంతు రానంతసేపు మ్యూట్‌లో ఉండటం మర్యాద. ఇంట్లోవారి మాటలు పరుల చెవిన పడకుండా అది కాపాడుతుంది కూడా. అయితే మ్యూట్ చాటున మాయం కావడం తగదు. వేసవిలో న్యూయార్కులో ఉదయం 8:30 అయితే మనకు సాయంత్రం 6 గంటలు. సమావేశం గంట సాగితే హైదరాబాదులో జూన్ నెల మగ్రిబ్ అందులోనే వస్తుంది. తెరపై పేరు ఉంచి నిశ్శబ్దంగా లేచిపోవడం సత్యసంధత కాదు. నమాజు కోసం పది నిమిషాలు కావాలని ముందుగానే అడిగి, అనుమతి పొంది వెళ్లాలి. నమాజు చేసేవాని మాట నమ్మదగినదని తోటివారు అప్పుడే గుర్తిస్తారు.

ఇప్పుడు మేము స్పీకరు నొక్కే ముందు గదిలో ఎవరెవరున్నారో చెప్పి, అవతలివారి అనుమతి అడుగుతున్నాము. ఆ వర్తకుడు ఇప్పటికీ బియ్యం పంపుతున్నారు. ఫోనులో మాత్రం ధర చెప్పి సెలవు తీసుకొంటారు. ఇంటి సంగతులు మాట్లాడరు.

మనకు అప్పగించిన మాటలను కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.