విడిచిన పట్టాలు, విడువరాని హక్కు

రైలుబండి నడచుట మానిన పిమ్మట ఆ దారి యెవరిది? అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున ఈ ప్రశ్న గొప్ప వివాదమునకు కారణమయ్యెను.

మిస్సోరీ నది యొడ్డువెంట సాగిన 'కేటీ' రైలుమార్గము 1986 నాటి వరదలలో చెడిపోగా, కంపెనీవారు దానిపై బండ్లు నడుపుట మానిరి. రాష్ట్ర ప్రభుత్వము ఆ కట్టను కైకొని, సున్నపురాతి పొడి పఱపించి, పాదచారులకును సైకిలువారికిని బాటగా మార్చెను. టెడ్ జోన్స్ దంపతులు ఇందులకు 22 లక్షల డాలర్లు విరాళమొసగిరి. 1990లో రోష్‌పోర్టువద్ద తొలిభాగము తెఱువబడెను. నేడు క్లింటను మొదలు మాచెన్సు వఱకు బాట పొడవు సుమారు 240 మైళ్లు. రైలు నిట్టమెట్ట నెక్కజాలదు గనుక నాటి ఇంజనీర్లు దారిని మెల్లని వాలుగా వేసిరి; ఆ సౌకర్యము నేడు వృద్ధులకును బాలురకును దక్కుచున్నది. బండి నిలిచి వెలవెలబోయిన తీరగ్రామములలో బసలును భోజనశాలలును సైకిలు దుకాణములును వెలసినవి.

అయినను భూస్వాముల మొఱ త్రోసిపుచ్చదగినది కాదు. పెక్కుచోట్ల కంపెనీకి నేలపై స్వామ్యము లేదు. రైలు నడుపుకొను హక్కు మాత్రమే యుండెను. రైలు నిలిచినచో నేల తమకు తిరిగి రావలెనని వారి వాదము. 1983 నాటి చట్టమో, మున్ముందు రైలునకు అవసరపడవచ్చును గావున, అట్టి దారిని బాటగా వాడుచు నిలిపియుంచిన యెడల అది విసర్జనము కాదనుచున్నది. ఈ చట్టము చెల్లునని అమెరికా సుప్రీముకోర్టు 1990లో, వెర్మాంటు రాష్ట్రపు వ్యాజ్యమున తీర్పు చెప్పెను. కాని నష్టపరిహారము కోరు ద్వారమును మూయలేదు. తమ నేల ప్రభుత్వముచే గైకొనబడినట్లేయను తీర్పును మిస్సోరీ భూస్వాములు కొందఱు 2000లో పొందిరి.

ఈ రెండు తీర్పులును న్యాయమైనవే యని మా యభిప్రాయము. ఇంతటి దారి ముక్కలైనచో, దానిని మరల కూర్చుట యే ప్రభుత్వమునకును సులభము కాదు. కావున దారి తెగరాదు. కాని పదిమంది విహారమునకు నది యొడ్డు రైతొక్కడే మూల్యము చెల్లించుట ధర్మము కాదు. ప్రజలు నడచు బాటకు ప్రజల బొక్కసమే వెలనీయవలెను. ఆ సొమ్మును న్యాయస్థానముల చుట్టు ఏండ్లతరబడి త్రిప్పిన పిమ్మట గాక, బాట తెఱచుటకు ముందే రైతు చేతి కందించుట ప్రభుత్వముల విధి.