కొండవాలు మొక్కకు పేరు చెప్పేదెవరు?

సబ్బవరం: ఆరు వరుసల రహదారి, న్యాయ విశ్వవిద్యాలయం వచ్చిన తరువాత మండలంలోని మెట్ట భూముల రూపు వేగంగా మారుతోంది. ఈ నేలపై ఏయే మొక్కలున్నాయో చెప్పవలసిన పత్రం ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు. 2002 నాటి చట్టం ప్రకారం స్థానిక సంస్థలోని కమిటీ ఊరివారిని సంప్రదించి దానిని తయారుచేయాలి. ఇందుకు జాతీయ హరిత ట్రైబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా విధించింది.

చిక్కంతా పేర్ల దగ్గరే ఉంది. కామెర్లకు వాడే నేల ఉసిరినే తీసుకుంటే, ఆ ఒక్క పేరుతో ఫిల్లాంథస్ ప్రజాతికి చెందిన పలు మొక్కలు చలామణి అవుతున్నాయి. ‘నేల ఉసిరి ఉంది’ అని రాసినంత మాత్రాన ఏ మొక్క ఉన్నట్టు?

ఆ తేడా చెప్పగల నిపుణుల తరాన్ని తయారుచేసినవారిలో ఆచార్య తమ్మినేని పుల్లయ్య ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1973లో ఎమ్మెస్సీ, 1976లో డాక్టరేటు పొందిన ఆయన, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో 35 ఏళ్లకు పైగా బోధించారు. అప్పటికి పరిశోధకులకు దిక్కు 1915-36 మధ్య వెలువడిన గాంబుల్ మద్రాసు రాజధాని వృక్షగ్రంథమే. అందులో విశాఖ ఉంది గాని నిజాం ఏలిన తెలంగాణ లేదు. రాష్ట్రం ఏర్పడిన నాలుగు దశాబ్దాలకు, 1997లో, పుల్లయ్య తన సహచరులతో కలిసి ‘ఫ్లోరా ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ సంపుటాలను వెలువరించి ఆ లోటు తీర్చారు. ఆయన పర్యవేక్షణలో 54 మంది డాక్టరేట్లు పొందారు. 2014లో భారత వృక్షశాస్త్ర సంఘానికి అధ్యక్షత వహించారు. బయోటెక్నాలజీ విభాగానికీ అధిపతిగా పనిచేసిన ఆయన, అడవుల్లో తిరిగి మొక్కలు సేకరించే పాత విద్యను వదలకపోవడం విశేషం.

విశాఖ జిల్లాకు విడిగా జి.వి.సుబ్బారావు, జి.ఆర్.కుమారి రచించిన రెండు సంపుటాలను భారత వృక్ష పరిశీలన సంస్థ 2002, 2008లలో ప్రచురించింది. సబ్బవరం 2022లో అనకాపల్లి జిల్లాలో చేరినా, ఈ కొండలకు ఆధారగ్రంథం ఇప్పటికీ అదే. అయితే జిల్లా గ్రంథం ఫలానా ఊరి గట్టుపై ఏముందో చెప్పదు. ఆ పని రిజిస్టరుది. వర్గీకరణ శాస్త్రం వైపు వచ్చే విద్యార్థులు తగ్గుతున్నారని వృక్షశాస్త్రవేత్తలు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఇది సాగితే రిజిస్టరులోని పేర్లు సరిచూసేవారే మిగలరు.

ఖర్చు తక్కువ మార్గం లేకపోలేదు. రిజిస్టరులో నమోదుచేసే ప్రతి మొక్కకూ ఎండబెట్టిన నమూనాను విశ్వవిద్యాలయ హెర్బేరియంలో భద్రపరచి, ఆ సంఖ్యను పేరు పక్కన రాయించవచ్చు. వాల్తేరు ఇక్కడికి దూరమేమీ కాదు. పంచాయతీలు నమూనాలు పంపాలన్నా, విభాగం వాటిని పరిశీలించాలన్నా ముందుగా జిల్లా యంత్రాంగం నుంచి ఉత్తర్వు వెలువడాలి.