కిందిహద్దు లేని కోటా

అమెరికా వీసాల లెక్క తెలుగు ఇళ్లకు కొత్త కాదు. హెచ్‌1బి కోటా ఏడాదికి 65,000 అనీ, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000 అనీ ఇంజనీరింగ్ పిల్లలు తడుముకోకుండా చెబుతారు. ఆ అంకెలు చట్టంలోనే ఉన్నాయి. మార్చాలంటే అమెరికా కాంగ్రెస్ మళ్లీ చట్టం చేయాలి. అదే దేశం ఏటా ఎంతమంది శరణార్థులను రప్పించి నివాసం కల్పించాలన్న అంకె మాత్రం చట్టంలో లేదు. అధ్యక్షుడు ఏ ఏటికాయేడు సంతకం పెట్టి ప్రకటిస్తాడు. కంపెనీలకు కావలసిన ఉద్యోగుల లెక్కకున్న స్థిరత్వం, ప్రాణభయంతో దేశం విడిచినవాళ్ల లెక్కకు లేకపోవడం అన్యాయం. దీన్ని సరిదిద్దాల్సింది కాంగ్రెసే.

1956లో హంగరీ నుంచి, 1975లో వియత్నాం నుంచి జనం తరలివచ్చినప్పుడు అప్పటికప్పుడు ప్రత్యేక అధికారాలు వాడి లోపలికి రానిచ్చారు. ఆ తాత్కాలిక పద్ధతికి స్వస్తి చెప్పడానికే శరణార్థుల చట్టం తెచ్చారు. 1980 మార్చిలో జిమ్మీ కార్టర్ దానిపై సంతకం చేశాడు. అక్టోబరు 1న ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోగా అధ్యక్షుడు ఉభయసభల న్యాయవ్యవహారాల కమిటీలను సంప్రదించి గరిష్ఠ సంఖ్యను నిర్ణయించాలి. ఆఫ్రికాకు ఇంత, తూర్పు ఆసియాకు ఇంత అని ఆ సంఖ్యను పంచుతారు. కమిటీలతో మాట్లాడితే చాలు, వాటి ఆమోదం అక్కర్లేదు. మొదటి మూడేళ్లకు చట్టమే, అవసరమైతే దాటే వీలుతో, 50,000 అన్న మామూలు సంఖ్య చెప్పింది. ఆ తర్వాత అంతా అధ్యక్షుడికి వదిలేసింది. లోపమంతా ఇక్కడే ఉంది.

ఫలితం అంకెల్లోనే కనిపిస్తుంది. 1980లో పరిమితి 2,31,700. 2016లో 85,000 అంటే దాదాపు అంతమందీ వచ్చారు. 2017కు ఒబామా 1,10,000 అంటే ట్రంప్ దాన్ని 50,000 చేశాడు. తర్వాత వరసగా 45,000, 30,000, 18,000, 15,000. బైడెన్ కూడా 2021 ఏప్రిల్‌లో 15,000 దగ్గరే ఆగి, సొంత పార్టీలోనే విమర్శలు చెలరేగాక మే 3న 62,500కు పెంచాడు. 2022కు 1,25,000 అని ప్రకటించినా వచ్చింది పాతిక వేల పైచిలుకే. నాలుగేళ్ల కోతల్లో నివాసం కల్పించే సంస్థల స్థానిక కార్యాలయాలు మూతపడ్డాయి, అనుభవమున్న సిబ్బంది చెదిరిపోయారు. కోయడానికి సంతకం చాలు, తిరిగి కట్టడానికి ఏళ్లు పట్టింది. 2024లో లక్ష దాటించారు. 2025 జనవరి 20న మళ్లీ అధ్యక్షుడైన ట్రంప్ ఉత్తర్వుతో మొత్తం ఆగింది. 2026 పరిమితి 7,500. అందులోనూ ఎక్కువ భాగం దక్షిణాఫ్రికాలోని శ్వేతజాతి ఆఫ్రికానర్లకు.

ఒక కుటుంబం విమానం ఎక్కాలంటే సాధారణంగా ఐక్యరాజ్యసమితి సిఫారసు, భద్రతా తనిఖీలు, అధికారి ముఖాముఖి విచారణ, వైద్యపరీక్ష అన్నీ దాటాలి. తనిఖీలకూ పరీక్షలకూ గడువుంటుంది. ప్రక్రియ మధ్యలో ఆగితే వైద్యపరీక్ష గడువు తీరుతుంది. అది మళ్లీ చేయించేలోగా భద్రతా తనిఖీకి కాలం చెల్లుతుంది. అందుకే ఈ పనికి పెద్ద అంకె కన్నా నిలకడైన అంకె ముఖ్యం. నేపాల్ శిబిరాల్లోని భూటాన్ శరణార్థుల్లో 90,000 మందికి పైగా అమెరికా చేరగలిగారంటే, ఏళ్ల తరబడి ఆగకుండా సాగిన ప్రయత్నమే కారణం.

ప్రపంచ పరిస్థితులు మారుతుంటాయి కాబట్టి అధ్యక్షుడికి వెసులుబాటు ఉండాలంటారు. నిజమే. కనీస సంఖ్య పెడితే పైకి పోయే వెసులుబాటు ఎక్కడికీ పోదు. అత్యవసరాలకు అదే చట్టంలో వేరే సెక్షన్ కూడా ఉంది. భద్రత మాటేమిటని అడిగితే 2002 చూడాలి. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కూడా పరిమితి 70,000 గానే ఉంచి, తనిఖీలు బిగించారు. వచ్చింది 27,000 మందే. అంటే ప్రమాదాన్ని వడగట్టేది తనిఖీ, కోటా కాదు. ఖర్చు గురించైతే ట్రంప్ తొలి హయాంలోనే ఆరోగ్యశాఖ 2017లో ఒక ముసాయిదా అధ్యయనం చేసింది. 2005 నుంచి 2014 వరకు శరణార్థుల వల్ల ప్రభుత్వాలకు ఖర్చులు పోను 6,300 కోట్ల డాలర్లు మిగిలాయని తేల్చింది. దాన్ని ప్రభుత్వం పక్కన పెట్టింది.

శరణార్థులపై 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంపై సంతకం చేయని, శరణార్థుల చట్టమే లేని దేశంలో ఉండి మనం ఇంకొకరికి చెప్పడమేమిటని అడిగేవాళ్లుంటారు. చట్టం లేనిచోట అన్నీ అప్పటి ప్రభుత్వం ఇష్టమే అవుతాయని మనకు తెలుసు కనుకే, చట్టం ఉండి కూడా అక్కడికే చేరడం మనల్ని ఎక్కువ కలవరపెట్టాలి.

కనీసం 95,000 మందిని తీసుకోవాలంటూ 2019లో కాంగ్రెస్ ముందుకు వచ్చిన బిల్లు చట్టం కాలేదు. 1980 నాటి 50,000నే కనీసంగా పెట్టినా నేను సంతోషిస్తాను, దానికి నిధులను కూడా ముడిపెడితే. మరో నిబంధన కూడా కావాలి. 2025 జనవరిలో అన్ని తనిఖీలూ దాటి ప్రయాణ తేదీ చేతికొచ్చినవాళ్ల టికెట్లు సైతం రద్దయ్యాయి. అనుమతి పొందినవాళ్లను అధ్యక్షుడు మారినా, ఏడాది మారినా ముందుగా రానివ్వాల్సిందేనని చట్టంలో రాయాలి.