పుస్తకాల దొంగకూ ఒక పేరుంది

మా పెద్దమ్మాయి డిగ్రీ చదువుతోంది. కొత్త ఇంగ్లీషు మాట దొరికితే చాలు, వంటింటి గుమ్మంలో నిలబడి నాకు పరీక్ష పెడుతుంది. మొన్న గోంగూర బాగుచేస్తుంటే వచ్చి, "అమ్మా, బిబ్లియోక్లెప్ట్ అంటే ఏంటో చెప్పుకో" అంది. ఏదో జబ్బు పేరనుకున్నాను. కాదట, పుస్తకాలు దొంగిలించేవాళ్లట!

ఇది గ్రీకు మాటల నుంచి పుట్టింది. బిబ్లియోన్ అంటే పుస్తకం, క్లెప్టెస్ అంటే దొంగ. అవసరం లేకపోయినా వస్తువులు కాజేసే జబ్బును క్లెప్టోమేనియా అంటారు చూడండి, అదీ ఈ క్లెప్టెస్ నుంచి వచ్చిందే. బైబిలుకేమో ఆ బిబ్లియోనే మూలం.

మరి మనకో మాట లేదా అని ఆలోచించాను. గ్రంథచౌర్యం ఉంది గానీ, అది ఇంకొకరి రాతను తనదిగా రాసుకోవడం. పుస్తకాన్నే ఎత్తుకుపోయేవాళ్లకు మనం ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నట్టు లేదు. "తీసుకెళ్లారు, మళ్లీ ఇవ్వలేదు" అని ఊరుకుంటాం.

ఆ పేరుకు తగ్గ ఘనులు లేకపోలేదు. ఫ్రాన్సులో 1841లో లైబ్రరీల్లోని పాత రాతప్రతులకు జాబితా రాసే పని గుగ్లియెల్మో లిబ్రి అనే పండితుడికి అప్పగించారు. ఆయన జాబితా రాస్తూ రాస్తూ మంచివన్నీ ఇంటికి చేరేశాడు! 1848లో లండన్‌కు పారిపోయాడు. ఇటాలియన్‌లో లిబ్రి అంటే పుస్తకాలనే అర్థమట. అమెరికాలో స్టీఫెన్ బ్లంబర్గ్ 1990లో పట్టుబడితే ఇంట్లో 20 వేలకు పైగా పుస్తకాలు బయటపడ్డాయి. అమ్ముకోవడానికి కాదు, దగ్గరుంచుకోవాలన్న పిచ్చి.

అంతా విని నవ్వాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అల్మారాలో మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' ఉంది. మొదటి పేజీలో ఉన్న పేరు నాది కాదు.

2001లో పెళ్లయి భద్రాచలం వచ్చినప్పుడు నాకు చారు పెట్టడం కూడా సరిగా రాదు. పక్కింటి అక్కయ్యగారు ఆ పుస్తకం ఇచ్చి, "నేర్చుకుని ఇద్దువులే" అన్నారు. వాళ్లాయన చింతూరు వైపు బడిలో టీచరు. బదిలీ అయి హడావిడిగా వెళ్లిపోయారు. ఆవిడ అడగలేదు, నేనూ పంపలేదు. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు సామాన్లు పైకి ఎక్కిస్తూ, పట్టుచీరల కంటే ముందు ఆ పుస్తకాన్నే పాలిథిన్ కవర్లో చుట్టాను. అప్పుడైనా గుర్తు రావద్దూ!

పాత తాళపత్రాల చివర పుస్తకమే మనతో మాట్లాడుతున్నట్టు ఒక శ్లోకం రాసేవారు. నూనె నుంచి, నీళ్ల నుంచి, కట్టు వదులవడం నుంచి నన్ను కాపాడు, మూర్ఖుల చేతిలో పెట్టకు అని దాని భావం. నీళ్ల నుంచి కాపాడాను. నూనె సంగతి అడక్కండి, పులిహోర పేజీ అద్దంలా అయిపోయింది. అట్ట ఊడితే దబ్బనంతో కుట్టాను.

"కొత్తది కొని పంపెయ్యరాదూ" అంటారు మావారు. కొత్తదాంట్లో ఆ అక్కయ్యగారి పెన్సిల్ రాతలుంటాయా? అరిసెల దగ్గర "అమ్మ బెల్లం ఇంకాస్త తగ్గిస్తుంది" అని రాసుకున్నారు. ఇన్నేళ్లూ నేను అరిసెలు వండింది వాళ్లమ్మగారి కొలతతోనే. ఆ తల్లి ఉన్నారో లేరో. ఉన్నా లేకపోయినా ఆ రాత ఆ ఇంటిదే కదా.

నాలుగిళ్లు విచారిస్తే ఫోన్ నంబరు దొరికింది. రెండుసార్లు నొక్కి, మోగకముందే పెట్టేశాను. మూడోసారి ఆవిడే ఎత్తారు. పుస్తకం మాట చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ రాత ఉంటుంది అందులో, వెనక అట్ట లోపల చూడు" అన్నారు. చూశాను. చలిమిడి కొలత, వేరే చేతిరాత. ఇన్నేళ్లలో ఒక్కసారీ అక్కడ చూడలేదు.

పార్సిల్ కట్టేముందు ఆ రెండు కొలతలూ నా నోటుపుస్తకంలో ఎక్కించుకుంటుంటే మా అమ్మాయి భుజం మీదుగా తొంగిచూసి, "ఇప్పుడిది గ్రంథచౌర్యం అమ్మా" అంది.